తొంగున్నాను అన్న మాట

ఏడు గంటలు నిద్రపోయే మనిషికి నిద్ర పట్టని జబ్బేమిటని సోమవారం పొద్దున్నే అరుణకుమారికి విసుగొచ్చింది. ఆమె పడుకునేది పదకొండింటికి, లేచేది నాలుగున్నరకి. మధ్యలో మోకాళ్ళు ఒకసారి, పక్కింటి కుక్క ఒకసారి లేపుతాయి. ఆ లెక్కన నీంద్ క్లాసులో మొదటి సీటు తనకే ఇవ్వాలి. అలా గొణుక్కుంటూనే గణేశ్వరరావు పేరుకెదురుగా 'ఎంపిక కాలేదు' అన్న స్టాంపు కొట్టింది. సిరా సరిగా అంటక సగమే పడితే, ప్యాడ్ మీద ఇంకో రెండు చుక్కలు వేసి మళ్ళీ కొట్టింది.

పోర్ట్ బ్లెయిర్‌లో యూనిఫాం వాళ్ళకుండే ఆసుపత్రిలో ఆమె ముప్పై ఒక్కేళ్ళుగా క్లర్కు. నీంద్ క్లాసు, అంటే నిద్ర క్లాసు, అక్కడి వాళ్ళు పెట్టుకున్న పేరు. దాని అసలు పేరు నోటీసు బోర్డు మీద ఒక లైను పొడుగునా ఉంటుంది, దాన్ని ఎవరూ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. మాత్రలు లేకుండా, పక్క ఎక్కే వేళా దిగే వేళా మార్చి, అలవాట్లు సరిచేసి నిద్ర తెప్పించే వైద్యం అది. దీవుల్లో అది చేయగలిగిన వాళ్ళు లేరు. మూడు నెలలకోసారి మెయిన్‌లాండ్ నుంచి డాక్టర్ పూజ వచ్చి, రెండు వారాలుండి మొదలుపెట్టి, మిగతాది వీడియోలో నడిపించేది. బ్యాచికి ఎనిమిది సీట్లు. అడిగే వాళ్ళు నలభై మందికి తక్కువుండరు. గస్తీ డ్యూటీలు, నైట్ వాచీలు, నెలల తరబడి సముద్రం మీద తిరుగుళ్ళు చేసిన వాళ్ళకి నిద్రెక్కడిది?

అందుకని ఒక పద్ధతి పెట్టారు. కావాలన్నవాళ్ళు ఏడు రోజులు డైరీ రాయాలి. అందులో తక్కువ నిద్ర తేలిన ఎనిమిది మందికి సీట్లు. డ్యూటీ చోట్లకి ఫోన్లు తేకూడదు కాబట్టి అంతా కాగితమే. ఫారంలో ఐదు గళ్ళు: పక్క ఎక్కిన టైము, నిద్ర పట్టిన టైము, మధ్యలో మెలకువలు, లేచిన టైము, పగటి కునుకు. ఎప్పటిలాగే ఈసారీ ప్రింటరు మొరాయించి ఫారాలు చాలకపోతే, మిగిలినవాళ్ళని నోటుబుక్కులో ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు రాయమన్నారు. వాటిని ఫారంలోకి ఎక్కించే పని ఆఫీసు మీద పడింది. తెలుగు పుస్తకాలన్నీ అరుణకుమారి బల్ల మీదికి వచ్చాయి, ఆ ఆఫీసులో తెలుగు మనిషి ఆమె ఒక్కతే.

తెలుగు మనిషన్న మాటే గానీ ఆమె చదివింది హిందీ మీడియం. రాజమండ్రి వైపు నుంచి పనిమీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన తండ్రికి పిల్లల చదువు చూసే తీరిక లేకపోయింది. తల్లి వారపత్రికలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. ఇప్పటికీ తెలుగు చదవాలంటే వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కోవాలి. అలా కూడబలుక్కునే గణేశ్వరరావు పుస్తకం చదివింది. ఏడు రోజులకీ ఇంచుమించు ఒకటే రాత: 'రాత్రి 10 గం. తొంగున్నాను. రెండుసార్లు నీళ్ళకి లేచాను. పొద్దున్న 5 గం. లేచాను.' ఆమె పక్క ఎక్కిన గడిలో పది అని వేసింది. నిద్ర పట్టిన గడిలో 'అదే' అన్నట్టు రెండు చిన్న గీతలు గీసింది. బుధవారం నాడు మాత్రం '3 గం. కునుకు పట్టింది' అని ఉంటే, పగటి కునుకు గడిలో మధ్యాహ్నం మూడు అని వేసింది. పని పది నిమిషాల్లో అయిపోయింది.

పదకొండింటికి గణేశ్వరరావే కౌంటరు దగ్గరికి వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, గస్తీ బోటు నడిపే సెయిలరు. ఇస్త్రీ చెడని యూనిఫాంలో నిటారుగానే ఉన్నాడు గానీ కళ్ళకింద చర్మం నల్లగా కమిలి ఉంది. మూడు వారాల కిందట అతని బోటు జెట్టీ అంచుని రాసుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చుక్కాని మీద ఒక్క క్షణం కళ్ళు మూతపడ్డాయనీ, నెలల నుంచి నిద్ర లేదనీ అతనే ఒప్పుకున్నాడు. ఆసుపత్రి వాళ్ళు జబ్బంటే జబ్బుగా చూస్తామని యూనిట్ అధికారి అన్నాడు. కాదంటే డ్యూటీలో నిద్రపోయాడన్నట్టే విచారణ. ఆ విచారణ ఈ శుక్రవారమే.

అరుణకుమారి చీటీ అందించి, మీది ఏడు గంటల నిద్ర తేలిందనీ, పైగా పగలు కునుకు కూడా ఉందనీ, మూడు గంటలైనా లేనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారనీ చెప్పింది. పొద్దున్నించి అదే మాట ఇరవై మందికి చెప్పి ఆమె గొంతు అరిగిపోయింది.

"పగలు కునుకా?" అన్నాడతను. చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేనైతే అబద్ధం రాయలేదు దీదీ."

అబద్ధమని ఎవరన్నారని ఆమె అంది. మూడు నెలల్లో మళ్ళీ బ్యాచి ఉంటుందని చెప్పింది. అతను చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. అయినా కదల్లేదు. కౌంటరు మీద ఆనించిన చేతివేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. వాటిని దాచుకోవడానికన్నట్టు రెండో చెయ్యి తెచ్చి పైన పెట్టాడు. అది చూసి కూడా అరుణకుమారి తల దించుకుని రిజిస్టరులో తర్వాతి పేరు వెతుక్కుంది. జాలిపడటానికి కూడా ఓపిక కావాలి, ఆ పూటకి ఆమెకది అయిపోయింది.

సోమవారం సాయంత్రం పంపిన ఫారం నకలు చూసి మంగళవారం యూనిట్ నుంచి ఉత్తరం వచ్చింది. విచారణకి గణేశ్వరరావు రాసిన అసలు డైరీ, దాని అనువాదం, అనువదించిన వారి సంతకంతో గురువారం సాయంత్రానికి కావాలని. ప్రత్యేకించి పగటి కునుకు రాసిన పేజీ. బుధవారం మధ్యాహ్నం మూడింటికి అతను బోటు మీద డ్యూటీలో ఉన్నాడట. ఉత్తరం చదివి అరుణకుమారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తను గడిలో వేసిన ఒక్క అంకె ఇంత దూరం వెళ్తుందని ఆమె అనుకోలేదు.

నోటుబుక్కేమో చీటీతో పాటు అతనికే తిరిగి ఇచ్చేసింది. ఫోను చేస్తే స్విచాఫ్. అతను ఉండేది బాంబూఫ్లాట్‌లో తల్లి దగ్గర, విచారణ తేలేదాకా ఈ వారమే బోటు మీంచి దింపేశారు. ఇలాంటి పనులకి తిరిగే అటెండరు రామ్‌ప్రసాద్ జ్వరంతో పడున్నాడు. చేసేదేం లేక మూడింటికి ఆమే గొడుగు పట్టుకుని బయల్దేరి చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కింది. లోపల స్కూటర్లు, కూరగాయల గోనెలు, బడి వదిలిన పిల్లలు. కూర్చునే చోటు లేక రేలింగు పట్టుకుని నిలబడింది. అవతలి ఒడ్డుకి పట్టే పావుగంటలోనూ మోకాళ్ళు ఆమెని తిడుతూనే ఉన్నాయి.

రేవు నుంచి గట్టు మీదికి ఎక్కితే రేకుల కప్పుతో నాలుగో ఇల్లు. వాకిట్లో పట్టా మీద నెత్తళ్ళ చేపలు ఆరబోసి, వాటి మధ్యలోంచి నాచూ పీతకాళ్ళూ ఏరుతూ ఒక ముసలమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ఆమె గణేశ్వరరావు తల్లి సింహాచలమ్మ. ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పగానే చేతులు చీరకి తుడుచుకుని, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"గణేసు కోసమా అమ్మా? లోపలే ఉన్నాడు. పొద్దున్న ఆరింటి కాడ్నుంచి తొంగున్నాడు, ఒక్క కునుకు లేదు. రాత్రీ అంతే. తొంగుంటాడు గానీ నిద్దరోడు. కళ్ళు తెరుసుకోని ఆ రేకుల కేసే సూత్తుంటాడు."

అరుణకుమారి కుర్చీలో కూర్చోబోతూ సగంలో ఆగిపోయింది. ముసలమ్మ మాట్లాడింది మామూలు మాటే. కానీ ఆ మాట ఎక్కడో చదివినట్టుంది. వేలు పెట్టి మరీ చదివింది.

"తొంగున్నాడంటే నిద్రపోయినట్టు కాదా అమ్మా?" అని అడిగింది.

సింహాచలమ్మ ఆమె కేసి వింతగా చూసింది. చదువుకున్న మనిషి ఇదేం అడగడమనుకుందేమో. "తొంగోడం నడుముకమ్మా, నిద్దర కంటికి. రెండూ ఒకటెలాగవుద్ది?" అని మళ్ళీ చేపల ముందు కూర్చుంది.

అరుణకుమారి ఇంట్లో తొంగోవడం అన్న మాట లేదు. జంగ్లీఘాట్ బజారులో చేపలవాళ్ళ నోట విన్నదే. తమ ఇంట్లో పడుకోవడం అంటారు. నాన్న పడుకున్నారు, గోల చెయ్యకండి అని తల్లి అంటే నాన్న నిద్రపోతున్నాడనే అర్థం. వీళ్ళ తొంగోవడమూ అదేననుకుంది. నడుం వాల్చడాన్నీ అదే మాటతో అంటారు కదా అన్న ఆలోచనే రాలేదు. అసలు తను మాత్రం రోజూ అనేదేమిటి? పదకొండింటికి పడుకున్నాను గానీ పన్నెండున్నర దాకా నిద్రే పట్టలేదని కూతురితో ఫోనులో ఎన్నిసార్లు చెప్పుకోలేదు? తన నిద్ర దగ్గర రెండుగా ఉన్నది అతని నిద్ర దగ్గరకొచ్చేసరికి ఒకటైపోయింది. పది నిమిషాల్లో తెమల్చుకున్న పని, రెండు చిన్న గీతలు.

మాటలు విని గణేశ్వరరావు బయటికి వచ్చాడు. లుంగీ మీద చొక్కా వేసుకుంటూ, సలాం చేయాలా వద్దా అని తడబడి, చివరికి నమస్కారం పెట్టాడు. పుస్తకం అడిగితే మారు మాట లేకుండా తెచ్చిచ్చాడు. ఆమె బుధవారం పేజీ తీసి వేలు పెట్టి చూపించింది.

"ఇది ఏ మూడు?"

"తెల్లారగట్ల మూడు దీదీ. ఆ వారంలో ఆ రోజే కాస్త బాగా పట్టింది. అందుకే గుర్తుపెట్టుకుని రాసినాను."

మిగతా రోజులు నిద్ర ఎప్పుడు పట్టిందో ఎందుకు రాయలేదని అడిగింది. పడితే కదా రాయడానికి అన్నాడు. ఒక్కో రాత్రే అడుగుతూ కూర్చుంది. అతను వాకిలి గుంజకి ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని, బోటు లాగ్ అప్పజెబుతున్నట్టు చెప్పాడు. ఆదివారం తెల్లారగట్ల ఓ గంట. సోమవారం లేదు. మంగళవారం అమ్మ లేచేసరికి అప్పుడే పట్టింది. ఒంటి నిండా అలుపున్నా కన్ను వాలగానే ఇంజను మోత వినబడి ఉలిక్కిపడతాడట. బోటు తగలకముందే యూనిట్‌లో ఎవరికీ చెప్పుకోలేదా అంటే, చెబితే మనిషి పాడయ్యాడంటారని, బోటు పోతుందని అన్నాడు. డాక్టరమ్మ మొదటి రోజు ఐదు నిమిషాలు మాట్లాడితే పక్కనే అధికారి ఉన్నాడట. "సబ్ ఠీక్ హై అన్నాను. ఇంకేటంటాం?" అన్నాడు. హిందీ అతనికి మంచినీళ్ళ ప్రాయం. కాగితం మీద మాత్రం పదో తరగతి దాకా చదివిన తెలుగే వస్తుంది.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పాలనే నోరు తెరిచింది కూడా. కానీ ముసలమ్మ టీ తెచ్చి ఇచ్చి, మా వాడి మాట డాక్టరమ్మకి నువ్వన్నా చెప్పమ్మా, నీకు పున్నెముంటాది అనేసరికి ఇంక నోరు పెగల్లేదు. చూస్తానని చెప్పి టీ వేడివేడిగా తాగేసి లేచింది. అతను రేవు దాకా వచ్చి, థాంక్స్ దీదీ అన్నాడు. ఆ థాంక్స్ ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

తిరుగు ఫెర్రీలో చోటు దొరికింది. ఐదుంపావుకే పొద్దు గుంకి అవతలి ఒడ్డున దీపాలు వెలిగాయి. ఒళ్ళో సంచి, సంచిలో పుస్తకం. అరుణకుమారి మనసు తిన్నగా ఉండలేదు. ఆ ఆఫీసులో తెలుగు చదివేది తను ఒక్కతే. విచారణ చేసేవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నా, తొంగున్నాను అన్నదానికి నిద్రపోయాను అని రాస్తే తప్పని నిలదీసి అడిగేవాళ్ళు ఉంటారా? రిటైర్మెంటుకి మూడేళ్ళుంది. ఇన్నేళ్ళలో ఒక్క మెమో లేదు. ఈ ఆలోచన వచ్చినందుకే ఆమెకి తన మీద అసహ్యం వేసింది. అయినా జెట్టీ వచ్చేదాకా ఆ ఆలోచన వదల్లేదు.

బుధవారం ఎనిమిదింటికల్లా ఆఫీసుకి వచ్చి కొత్త ఫారం తీసింది. నిద్ర పట్టిన గడిలో గీతలకి బదులు అంకెలు వేసింది. వేయడానికి అంకె లేనిచోట 'లేదు' అని రాసింది. కూడి చూస్తే ఏడు రాత్రులకీ కలిపి ఏడు గంటలు. సీటు దొరికిన ఎనిమిది మందిలో ఇంత తక్కువ ఉన్నవాడు ఒక్కడూ లేడు. కాగితం పట్టుకుని డాక్టర్ పూజ గది తలుపు దగ్గర నిలబడి, లోపలికి పోకుండా మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. అలా రెండుసార్లయింది. మూడోసారి డాక్టరే చూసి లోపలికి పిలిచింది.

పూజ నాగపూర్ అమ్మాయి, ముప్పై నాలుగేళ్ళుంటాయి. నిద్ర వైద్యం చేసే మనిషే అయినా, శుక్రవారం విమానం ఎక్కేలోగా తెమల్చాల్సిన ఫైళ్ళ మధ్య ఆవులిస్తూ ఉంది. అరుణకుమారి హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో ఒక మాట ఉందని, దానికి వాలడం అనీ అర్థమే, నిద్రపోవడం అనీ అర్థమేనని, కునుకు అన్నది పగటికే కాదు తెల్లవారుజాముకీ పనికొస్తుందని. చెబుతూ చెబుతూ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టింది. పూజ పాత ఫారంలో ఒకదాని కింద ఒకటిగా ఉన్న గీతల జతల్ని పెన్సిలు మొనతో తడుముతూ పోయింది. విచారణకి ఉత్తరం రాయాలి, అందులో పొరపాటు ఎలా జరిగిందని రాయను అని అడిగింది.

"నాదని రాయండి," అంది అరుణకుమారి. ప్రింటరు పాడైందనీ, మనుషులు చాలలేదనీ రాయొచ్చు, అవి అబద్ధాలు కూడా కావు. కానీ ఆ గీతలు గీసింది ప్రింటరు కాదు.

ఉత్తరం టైపయ్యాక దాని కింద సంతకం చేసింది. ఇక సీటు సంగతి. ఎనిమిదో సీటులో వంటశాల కుర్రాడొకడు నిన్ననే మొదలుపెట్టాడు. వాణ్ణి లేపి ఇతణ్ణి కూర్చోబెట్టడం న్యాయం కాదని పూజ అంది. వచ్చే బ్యాచి దాకా ఇతను ఆగలేడు. కాసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చుని, తొమ్మిదోవాడిగా వారానికోసారి ఫోనులో తను చూడగలనంది. కానీ రోజూ పొద్దున్నే రాత్రి సంగతంతా అడిగి రాసుకుని పంపేవాళ్ళు ఇక్కడ ఒకరు కావాలి. ఆ పనికి పోస్టు లేదు, అడిగితే ఏడాది పడుతుంది. నేను చేస్తానన్న మాట అరుణకుమారి నోట్లోంచి వచ్చేసింది. వచ్చేశాక మోకాళ్ళు గుర్తొచ్చాయి, పొద్దున్నే నీళ్ళు పట్టుకోవడం గుర్తొచ్చింది. మాట వెనక్కి తీసుకోలేదు.

గురువారం గణేశ్వరరావుని పిలిపించారు. డాక్టర్ గదిలోకి పోయే ముందే అరుణకుమారి అతణ్ణి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. పక్కన తనూ కూర్చుంది.

"తప్పు నాది నాయనా. నువ్వు రాసింది సరిగ్గానే రాశావు. నేనే తప్పుగా ఎక్కించాను."

అతను బూట్ల కేసి చూసుకున్నాడు.

"తెలుసు దీదీ. తొంగోడమంటే నిద్దర కాదా అని మా అమ్మని అడిగినారంట కదా, మీరెళ్ళాక చెప్పింది. అప్పుడే సమజైంది. ఈ రెండు రాత్రులూ మీరు చెప్తారా లేదా అనుకుంటా తొంగున్నాను."

దెప్పినట్టు అనలేదు. ఉన్న విషయం చెప్పాడు, అంతే. అరుణకుమారి కొంగుతో ముఖం తుడుచుకుంది. కేకలేస్తే బాగుండేదనిపించింది, ఇలా నెమ్మదిగా అంటే తట్టుకోవడం కష్టం.

లోపల పూజ పద్ధతి వివరించింది. ఈ వారం ఒంటిగంట దాకా పక్క ఎక్కకూడదు. నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున ఆరింటికి లేచి తీరాలి. పక్క ఎక్కాక కళ్ళు మూతపడకపోతే లేచి అవతల కూర్చోవాలి, మళ్ళీ నిద్ర తన్నుకొచ్చినప్పుడే వాలాలి. పగలు నడుం వాల్చడం బంద్. ఈ వారం బోటు గానీ బండి గానీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. గణేశ్వరరావు అరుణకుమారి కేసి తిరిగి, నిద్ర లేదని వస్తే ఉన్నది కూడా తగ్గించుకోమంటున్నారేంటి దీదీ అని తెలుగులో అన్నాడు. ఆమె దాన్ని హిందీలో చెప్పబోయి, ఈసారి ఒక్కో మాటా చూసుకుంటూ చెప్పింది. పూజ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. ఆ మాట మీ భాషలో ఎలా ఉందో ఈ మనిషి కూడా అలా అవ్వాలి, అదే వైద్యం అంది. వాలడం, నిద్రపోవడం రెండూ ఒకటే మాట అయ్యేదాకా.

అతనికి ఎంత అర్థమైందో గానీ, తల ఊపి కాగితం మడిచి పెట్టుకున్నాడు. రేకుల కేసి చూస్తూ తొంగునే బదులు వాకిట్లో కూర్చుని అమ్మ వల బాగుచేసినా ఫర్వాలేదా అని అడిగాడు. ఫర్వాలేదన్నారు.

శుక్రవారం పది దాటాక యూనిట్ నుంచి ఫోను వచ్చింది. ఆసుపత్రి ఉత్తరం చూసి విచారణ ఆపేశారనీ, వైద్యం అయ్యేదాకా గణేశ్వరరావుని ఒడ్డున స్టోర్సులో ఉంచుతారనీ, బోటు సంగతి తర్వాత చూస్తారనీ. అరుణకుమారికి కూడా ఒక కవరు వచ్చింది, వివరణ ఇమ్మని. ముప్పై ఒక్కేళ్ళలో మొదటిది. రెండుసార్లు చదువుకుని డ్రాయరులో పెట్టుకుంది. అనుకున్నంత బాధ కలగలేదు, ఒళ్ళు మాత్రం బరువుగా ఉంది.

పూజ విమానానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తెలుగు ఫారం ఒకటి చేసి ఉంచమంది. అరుణకుమారి స్కేలు పెట్టి గళ్ళు గీసి, మొదటిదాని మీద 'నడుం ఎప్పుడు వాల్చావు', రెండోదాని మీద 'కన్ను ఎప్పుడు మూతపడింది' అని వంకర అక్షరాలతో రాసింది. ఆ ముసలమ్మని అడిగితే ఇలాగే రాయమనేదనిపించింది. పాత ఫారాల నమూనా ఎలా ఉండేదో చూద్దామని బీరువా తెరిచి అడుగునున్న ఫైలు లాగింది.

మూడేళ్ళ ఫైలు అది. నీంద్ క్లాసు మొదలైనప్పటి నుంచీ తెలుగు డైరీలన్నీ తనే ఎక్కించింది. తీసిన మొదటి కాగితం మీదే గీతలు కనబడ్డాయి. రెండోదాని మీదా ఉన్నాయి. అప్పట్లో విడి కాగితాల మీద రాసిచ్చిన డైరీలు ఫారాలకే గుచ్చి ఉన్నాయి. ఇక్కడ తొంగోవడం కూడా కాదు, శుభ్రంగా ఆమె ఇంట్లో మాట్లాడే తెలుగే. 'పదింటికి పడుకున్నాను.' 'పదిన్నరకి పడుకున్నాను.' దాని ఎదురుగా తన చేత్తో గీసిన రెండు గీతలు, ఏడు రోజులకి ఏడు జతలు, పైన తన చేత్తోనే కొట్టిన స్టాంపు. అరుణకుమారి కింద గచ్చు మీదే కూలబడి కాగితాలు ఒక్కొక్కటిగా విడదీసింది. ఆరుగురు తేలారు. ఆ ఆరుగురి ముఖాలూ గుర్తు తెచ్చుకోవాలని చూస్తే కౌంటరు మీద ఆనించిన చేతులు తప్ప ఏమీ గుర్తు రాలేదు.

అన్నిటికంటే పాతది చంద్రమౌళి అనే హవల్దారుది. ఆయన సర్వీసు వదిలేసి ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల లైను దగ్గర సెక్యూరిటీగా నిలబడుతున్నాడని ఎవరో అనగా విన్నది. కాగితం మీద నంబరుంది. లేచి నిలబడి, బల్ల పట్టుకుని మోకాళ్ళు సర్దుకునేదాకా ఆగి, డయల్ చేసింది.

అవతల జనం గోల, పడవ హారను. తను ఎవరో చెప్పి, మూడేళ్ళ కింద నిద్ర డైరీ రాశారు, గుర్తుందా అని అడిగింది. ఉందన్నాడు.

"అందులో పదింటికి పడుకున్నానని రాశారు. నిద్ర ఎన్నింటికి పట్టేదో నేనప్పుడు అడగలేదు. అది అడుగుదామని చేశాను."

అతను గోలకి దూరంగా నడుస్తున్నట్టున్నాడు, హారను మోత తగ్గింది.

"ఏ రాత్రి సంగతి అడుగుతున్నారు మేడమ్?" అన్నాడు చంద్రమౌళి. "నిన్నటిదా?"

అరుణకుమారి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇప్పుడే గళ్ళు గీసిన ఫారం దగ్గరికి జరుపుకుని, పెన్ను మూత తీసి, ఎడం చేత్తో ఫోను గట్టిగా పట్టుకుంది.

"నిన్నటి నుంచే చెప్పండి," అంది.